ఎవరి పేరు మీద

విమానం దిగుతున్నప్పుడల్లా మా ఆఫీసు కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. అయిదేళ్లుగా వింటున్నాను కాబట్టి ఆ చప్పుడు ఇప్పుడు నా చెవికి ఆనదు. మొన్న సోమవారం పొద్దున మాత్రం ఆనింది. అద్దం వణికిన క్షణానే నా తెర మీద ఎర్రటి వాక్యం ఒకటి వచ్చింది. ‘పర్మిషన్ డినైడ్’ అని మొదలై, ఏ ఫైలు తెరవబోయారో చెప్పి, చివర్లో ఎవరికి అనుమతి లేదో చెప్పే మామూలు వాక్యమే. ఆ చివర్లో బాలమణి అని ఉంది. నెల కిందట ఉద్యోగం మానేసిన మనిషి, ఆమె ఖాతా మూసేసిన ఆ పొద్దుటి దాకా మా కంప్యూటర్లలో పని చేస్తూనే ఉందన్నమాట.

మా పని తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. విమానాల్లో వెళ్లే మందుల పెట్టెలు దారి పొడవునా చల్లగా ఉండాలి. ప్రతి పెట్టెలోనూ బొటనవేలంత మీటరు ఉంటుంది. లోపల ఎంత చల్లగా ఉందో అది కొద్ది నిమిషాలకోసారి నమోదు చేసుకుంటుంది. పెట్టె శంషాబాద్ కార్గో షెడ్డుకు చేరగానే ఆ నమోదులు క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్లలోకి చేరతాయి. పొద్దున్నే ఒక ప్రోగ్రాము వాటిని చదివి ప్రతి సరుకుకూ ఒక కాగితం తయారు చేస్తుంది. ఇలా తనంతట తాను నడిచే ప్రోగ్రామును జాబ్ అంటారు, మా ఈ ప్రోగ్రామును చలి జాబ్ అంటాం. కాగితం లేని పెట్టె విమానం ఎక్కదు, ఎక్కని మందు ఎక్కడో ఎవరికో అందదు. ఇంతే మా పని. గొప్పగా చెప్పుకునేదేమీ లేదు, ఆగితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

బాలమణక్కది రావిర్యాల పక్కన ఊరు, ఇంటిల్లిపాదీ వ్యవసాయం. డిగ్రీ అయ్యాక కార్గో గేటు దగ్గర పాసులు రాసే బల్ల ముందు ఏడేళ్లు కూర్చుంది. అక్కడికి కంప్యూటరు వచ్చినప్పుడు పట్టుబట్టి నేర్చుకుని, మెల్లగా ఈ పనిలోకి వచ్చి, నేను చేరేనాటికి మా బృందానికి పెద్దదిక్కుగా ఉంది. మాది అత్తాపూర్. నాన్నగారు కాకినాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా ఇంట్లో ‘అండీ’ లేనిదే మాట పూర్తికాదు. మొదటిరోజు నేను “మేడమ్ గారూ” అంటే, ఆమె ఎగాదిగా చూసి, “మేడమూ నేనే, గారూ నేనేనా? అక్కా అను, సరిపోతది” అంది. ఆ రోజు నుంచీ అక్కే. ‘అండీ’ని మాత్రం నేను వదల్లేకపోయాను.

చేరిన రెండో వారంలో ఒక చిన్న జాబ్ ఆగింది. ఫైలుకు అనుమతి లేదంటోంది. అదే ఫైలును నేను తెరిచి చూస్తే చక్కగా తెరుచుకుంది. పదిసార్లు తెరిచాను. “నాకు వస్తోందండీ, దీనికేం రోగమో!” అని విసుక్కున్నాను. అక్క తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టి, “నీకు తెరుచుకుంటది, మంచిదే. గని లోపలికి పొయ్యేది నువ్వా?” అని అడిగింది. నేను మళ్లీ ఫైలు తెరవబోతే ఆపింది. “జాబ్ ఎవరి పేరు మీద నడుస్తున్నది? ముందుగాల గది చూడు. గేటు కాడ డ్రైవర్లు గిట్లనే అంటుండె, మా సేటుకు పాసున్నదమ్మా అని. సేటుకుంటే నీకున్నట్టా? నీ పాసు నువ్వు తెచ్చుకో అనేదాన్ని.” చూస్తే నిజంగానే ఆ జాబ్ నా పేరు మీద నడవడం లేదు. జాబ్‌ల కోసమే సృష్టించిన, మనిషి కాని పేరు ఒకటుంది. అనుమతి లేనిది దానికి.

ఆ తర్వాత ఆమె పద్ధతి నాకు కంఠతా వచ్చింది. ఏదైనా ఆగితే కీబోర్డు ముట్టుకోకముందు కాగితం మీద రాయించేది. ఎవరు పోతున్నారు, ఏ తలుపు, ఏం పనికి. పని అంటే మళ్లీ విడమరిచి అడిగేది: “చదవనీకా, రాయనీకా, తుడవనీకా?” అడిగినంతే ఇవ్వాలి, రవ్వంత ఎక్కువ ఇచ్చినా ఒప్పుకునేది కాదు. ఏ జాబ్‌నూ మనిషి పేరు మీద నడపకూడదని మరో నియమం. “మనుషులు వస్తరు, పోతరు. జాబ్ రోజూ ఉండాలె” అనేది. నాకు ఇదంతా చాదస్తంగా అనిపించేది. చదువుకున్నదాన్ని కదా, పొగరు.

మూడో నెలలో ఆ పొగరు దిగింది. నాకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలు చూసి అక్క సంతకం పెడితేనే ఖాయం. ఆ గురువారం ఆమె బుద్వేల్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, పదకొండింటికల్లా వస్తానంది. పొద్దున్నే చలి జాబ్ ఆగింది. దానికి కొత్త ఫోల్డరు చదివే అనుమతి లేదు, అంతే. ఆ ఒక్కటీ వెతికి ఇస్తే పోయేది. అరగంట వెతికాను, దొరకలేదు, చిరాకేసింది. జాబ్ పేరుకు యజమానికుండే సర్వాధికారాలూ ఇచ్చేశాను. తెర మీద పచ్చరంగు వచ్చి జాబ్ పూర్తయింది. నేను టీ తాగడానికి వెళ్లాను, కొంచెం గర్వంగానే.

ఆ ప్రోగ్రాము చివర్లో పాత ఫైళ్లు తుడిచే వరుస ఒకటుందని నాకు తెలియదు. పాతవే కాక అన్నీ తుడిచేలా ఎవరో ఎప్పుడో తప్పుగా రాశారు. ఆ జాబ్‌కు తుడిచే అనుమతి లేనందువల్ల రోజూ ఆ వరుస కాదనిపించుకుని, చప్పుడు చేయకుండా ఊరుకునేది. ఆ రోజు కాదనేవాళ్లు లేకపోయారు. మధ్యాహ్నం విమానానికి వెళ్లాల్సిన పెట్టెల నమోదులు, అప్పుడే తయారైన కాగితాలతో సహా ఫోల్డరు మొత్తం ఊడ్చుకుపోయింది. నేను ఇచ్చిన అధికారాలు చూసి భద్రత వాళ్లు హడలిపోయి ఆ జాబ్ పేరునే స్తంభింపజేశారు. నేను టీ తాగి వచ్చేసరికి ఇంత జరిగింది.

అక్క పట్టుచీరతోనే వచ్చింది. నేను ఏడుస్తూ చెప్పాను, ఆమె చివరిదాకా విన్నది. “పరేషాన్ గాకు. ఏడ్పు తర్వాత. మీటర్లు పెట్టెల్లనే ఉన్నయ్ గదా? నడువు” అంది. కార్గో గేటు దగ్గర కాపలా మనిషి ఆమెను ఏళ్లుగా ఎరిగినవాడే, అయినా పాసు రాసేదాకా లోపలికి పోనివ్వలేదు. నాకు ప్రాణం గిలగిల్లాడుతుంటే ఆమె మురిసిపోయింది. “చూసినవా? నన్నెరిగి గూడ ఆపిండు. డ్యూటీ అంటే గట్ల” అంది. ఆ చల్లటి షెడ్డులో పట్టుకొంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్క పెట్టె దగ్గరా మీటరులో మిగిలిన నమోదులు ఇద్దరం మళ్లీ ఎక్కించాం. నా వేళ్లు కొంకర్లు పోయాయి. జాబ్ పేరు ఇంకా స్తంభించే ఉంది కాబట్టి దాని పేరు మీద నడపడానికి లేదు. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, “ఇయ్యాల్టికి నా పేరు మీద నడిపిస్త. తుడిచే అనుమతి నాకు గూడ లేదు. వాళ్లు దాన్ని విడిచినంక నువ్వే మార్చాలె, సుధా. మర్చిపోకు” అంది. కాగితాలు వచ్చాయి. పెట్టెలు వెళ్లాయి.

ఇక జరిగినదాని మీద రిపోర్టు. ఇంగ్లీషులోనే రాశాను. ఆమెకు ఏ ఇంగ్లీషు వాక్యాన్నైనా తెలుగు చేసి పైకి చదివే అలవాటు. “‘జాబ్ ఆగినందున అనుమతులు మార్చబడినవి. ఫైళ్లు తొలగించబడినవి.’ మార్చబడినయా? గాలికి మారినయా ఏంది? జాబ్‌ను అడిగినట్టే నిన్ను గూడ అడుగుతున్న. ఈ మాట ఎవరి పేరు మీద నడుస్తున్నది?”

“నా పేరు రాస్తే ఉద్యోగం పోతుందక్కా.”

“పోవచ్చు. పోదని నేను చెప్పలే. పేరు లేకుంటే ఏం తప్పో తెల్వదు. రేపు ఇంకొకరు వచ్చి గదే జేస్తరు” అంది.

ఆమె మీద ఆ క్షణంలో ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వెనకేసుకొస్తుందనుకున్న మనిషి! పళ్లు బిగించి ‘అనుమతులు నేను మార్చాను’ అని రాశాను. ఆమె నా చేతిలోంచి కీబోర్డు లాక్కుని కింద ఇంకో వాక్యం చేర్చింది: ‘అనుమతులు మార్చే అంతటి అధికారం ఈమెకు అక్కరలేదు, ఇచ్చింది నేను.’ సంతకంలాగా తన పేరు పెట్టింది. మా ఆఫీసు పెద్దాయన రెండు వాక్యాలూ చదివి, నా ఖాయం కాగితాన్ని మూడు నెలలు వెనక్కి జరిపారు, ఆమెను గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో ఆమె చెప్పలేదు. ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం ఓ వారం ముభావంగా తిరిగాను. ఆ వారంలోనే భద్రత వాళ్లు జాబ్ పేరును విడిచిపెట్టారు.

మొన్నటి సోమవారం నేను ఆ కాగితం పద్ధతినే పట్టుకున్నాను. ఎవరు, ఏ తలుపు, ఏం పనికి. చలి జాబ్‌కు మనిషి కాని పేరు ఇచ్చి, చదవడానికీ రాయడానికీ అనుమతించి, తుడవడానికి ఇవ్వలేదు. పదిన్నరకల్లా కాగితాలు వచ్చాయి. తర్వాత రిపోర్టు తెరిచాను. రిపోర్టులో చేసినవాళ్ల పేరు ఉండాలని అయిదేళ్లలో ఎంతమందికో పాఠం చెప్పాను, నా వేళ్లు మాత్రం వాటంతట అవే ‘జాబ్ పేరు సకాలంలో మార్చబడలేదు’ అని టైపు చేసేశాయి. సిగ్గేసి అక్కకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఊళ్లో మిరప, టమాటా నారు పెంచి అమ్ముతోంది. వెనకాల మోటారు నీళ్లు పోస్తున్న చప్పుడు.

“ఏంది సుధా, గిప్పుడు యాదికొచ్చిన్నా?”

“అక్కా, చలి జాబ్ ఇన్నేళ్లూ మీ పేరు మీదే నడిచిందండీ. ఇవాళ ఆగింది.”

మోటారు ఆపిన చప్పుడైంది. “నిన్ను మార్చమన్న గదా.”

“అన్నారండీ.”

“పెట్టెలు పోయినయా?”

“వెళ్తున్నాయండీ, ఇబ్బంది లేదు.”

“రిపోర్టు ఎట్ల రాసినవ్?”

తెర వైపు చూశాను. వాక్యం మొత్తం చెరిపి మళ్లీ కొట్టి, తెలుగు చేసి ఆమెకు చదివి వినిపించాను. “‘మార్చమని నాకు చెప్పారు. నేను మార్చలేదు.’”

“ఆఁ,” అంది. “దాని కింద నాది గూడ రాయి. పొయ్యేటప్పుడు బాలమణి చూసుకోలే అని. ఎవరి పేరు మీద ఏమున్నదో చూడమని అందరికీ చెప్పి, నాది నేనే చూడకపోతి.”

వద్దండీ, మీరు వెళ్లిపోయారు కదా, మీ పేరెందుకు అన్నాను. “పోతే ఏంది? నేను జెయ్యలేదా?” అని కోప్పడి మోటారు మళ్లీ వేసింది.

చలి జాబ్ మీంచి ఆమె పేరు పొద్దునే తీసేశాను. ఇప్పుడు మా కంప్యూటర్లలో ఆమె పేరు మీద ఏదీ నడవడం లేదు, రెండుసార్లు వెతికాను. రిపోర్టులో మాత్రం ఉంది, నా పేరు కిందే.