పచ్చ చుక్క మీద ఎర్ర చుక్క

“మన పడవకేం పెట్టినావే పుస్తకంలో?” అన్నాడు ఆయన, వల భుజాన వేసుకుంటూ.

“పచ్చ చుక్కే పెట్టినాలే మావా. పొద్దుపోకముందే బిన్నా రా.”

“ఊళ్లో అందరి పడవలకీ వంక పెడతావు. నా పడవకి పెట్టలేదంటే గట్టిదే,” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మా ఆయనతో నేను ఆడిన చివరి మాటలు అవే.

ఆ పుస్తకం మా రేవులో చేపల సంఘానిది. ఏ పడవకు ఏ ముప్పు రావచ్చో ముందే చూసి అందులో ఎక్కించాలి. పడవకొక పేజీ. అడుగు, ఇంజను, లైఫ్ జాకెట్లు అన్నీ బొమ్మలుగా అచ్చేసి ఉంటాయి. వెంటనే బాగుచేయించాల్సినదాని పక్కన ఎర్ర చుక్క స్టిక్కరు అంటించాలి, కనిపెట్టి ఉండాల్సినదానికి పసుపు, బాగుంటే పచ్చ. పదిహేను రోజులకోసారి మళ్లీ చూసి రంగు మార్చాలి. మగవాళ్లయితే ఒకరి లోపం ఒకరు దాస్తారని ఆ పని నాకు అప్పగించారు. నాకు చదువు రాదు, పడవ నంబర్లు మాత్రం పోల్చుకోగలను.

పక్కింటామె పడవ ఇంజనుకు ఎరుపు పెడితే రేవులో అందరి ముందూ నిలదీసింది.

“మా మగోళ్లు నీళ్ల మీదికి పోతావుంటే చెడు అంటిస్తావా, నీ చెయ్యి పడిపోను?”

“అంటించకుంటే ఇంజను బాగవతాదా అక్కా? చేయించు, తీసేస్తా.”

తిట్టుకుంటూనే చేయించింది.

మా పడవ అడుగున, ఇంజను బిగించిన చోట, జానెడు పొడవున సన్నని చీలిక ఉంది. రంగు వేసి ఉండటంతో ఆయన కంట పడలేదు, నా కంట పడింది. ఎర్ర చుక్క ఒలిచి వేలి మీద పెట్టుకున్నాను కూడా. మా వాళ్లలో మగవాడు సముద్రం మీదికి పోయే వేళ ఇంటి ఆడది చెడు తలవదు. ఊరందరి దగ్గరా కొట్టిపారేసిన ఆ మాట, నా మగడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. నోటితోనైనా చెప్పలేదు. పచ్చ అంటించాను.

ఆయన నవ్వుతూ వెళ్లిన ఆ రోజే పెద్ద అలకు పడవ అక్కడే విచ్చుకుంది. వెంట వెళ్లిన ఇద్దరూ ఖాళీ డబ్బాలు పట్టుకుని ఈదుకొచ్చారు. ఆయన మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

ఆయన ఇంకా దొరకకముందే నేను ఇంకో పని చేశాను. సంఘంవాళ్లు పుస్తకం అడుగుతారని, ఆ పచ్చ చుక్క మీద ఎర్ర చుక్క అంటించేశాను. వాళ్లు చూసి, “ఆమె ముందే చెప్పింది, ఆయనే లెక్కచేయలా,” అన్నారు. పెళ్లాం మాట వినక ఇద్దరిని చావు దాకా తీసుకెళ్లిన మొండివాడని ఈనాటికీ రేవులో ఆయన్ని అంటారు. నన్ను అడిగి మరీ వెళ్లిన మనిషి. ఏడాదిగా ఆ నింద ఆయన మీదే ఉంచి, జాలిపడి పెట్టినవాళ్ల అన్నం తిన్నాను. జాగ్రత్త గల మనిషినని పుస్తకం ఇంకా నా చేతికే ఇస్తున్నారు.

ఇదంతా రాస్తున్నది నా ఆడబిడ్డ కూతురు. ఇక్కడికొచ్చేసరికి కలం ఆపింది.

“అత్తా, ఇది కూడా రాయాల్నా?”

“రాయమ్మా. నీకు మేనమామ ఆయన. రేపు సంఘంలో అందరి ముందూ నువ్వే చదవాల. ఇప్పుడు మొదటి నుంచీ ఒకసారి చదివి వినిపించు. యాడన్నా నా తప్పు తగ్గించి చెప్పినానేమో చూస్తా.”