సాంబ్రాణి పట్టిన పీపా

2014లో నేను మస్కట్ దగ్గర మబేలాలో ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో పని చేసేవాడిని. జగిత్యాల పక్కన మా ఊళ్ళో మా నాన్న ఎడ్లబండి చక్రాలు చేసేవాడు. నేను ఒమన్ వచ్చి విల్లాలకు తలుపులు, సోఫాలకు ఫ్రేములు చేశాను. ఎన్ని తలుపులు బిగించానో నాకే తెలియదు గానీ, ఒక్క బుల్లి పీపాను మాత్రం మరిచిపోలేను. చెంబు కంటే కాస్త పెద్దది, అంతే. అది పెట్టిన తిప్పలు ఏ డబుల్ కాట్ కూడా పెట్టలేదు.

ఒక శుక్రవారం శామ్యూల్ అనే ఆయన వచ్చాడు. భీమవరం వైపు మనిషి, అజైబాలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఫోన్‌లో కర్ర పీపా ఫోటో చూపించి, "మేస్త్రి గారూ, ఇలాంటిది చేసిపెడతారా?" అన్నాడు.

"మందు పోస్తరా ఏంది సారూ దీంట్ల?"

"అయ్య బాబోయ్, మందు కాదండీ! వేప్ లిక్విడ్."

వేప్ అంటే బ్యాటరీతో నడిచే సిగరెట్టు. అందులో పోసే ద్రవాన్ని ఈయన ఇంట్లోనే గ్లిజరిన్, ఎసెన్సు అవీ ఇవీ కలిపి తయారు చేసుకునేవాడు. కలిపిన కొత్తలో అది గొంతును గీరుతుందట. చెక్క పీపాలో పోసి కొన్ని వారాలు ఊరబెడితే ఘాటు తగ్గి రుచి వస్తుందని ఇంటర్నెట్‌లో చదివాడు. మన ఆవకాయ ఊరబెట్టినట్టే అన్నమాట.

"గింత తిప్పలెందుకు సారూ? అసలు తాగుడే మానేస్తే అయిపాయె గద!"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. భార్య సలోమి కూడా నర్సే. రెండేళ్ళుగా ఎక్కడో దూరాన సలాలాలో ఉద్యోగం. ఇన్నాళ్ళకు ఆమెకు మస్కట్‌లో ఉద్యోగం దొరికింది. ఆమె తండ్రి సిగరెట్లు కాల్చి కాల్చి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అందుకని భర్తకు ఒకటే మాట చెప్పింది: ఇంట్లో సిగరెట్టు వాసన వస్తే పెట్టె కూడా దించను, నేరుగా ఆస్పత్రి హాస్టల్‌కి పోతాను.

"అన్నంత పనీ చేస్తుందండీ," అన్నాడు. "సిగరెట్టు మానాలనే ఈ వేప్ పట్టుకున్నాను. అది గొంతు కోస్తోంది, మళ్ళీ సిగరెట్టు ముట్టిస్తున్నాను. ఈ పీపా ఒక్కటే నాకు దిక్కు."

నాకు జాలేసింది, ఒప్పుకున్నాను. కానీ బేరం మొదలవగానే గొడవ పడ్డాం. జిగురు వాడకూడదట, వార్నిష్ అసలే వద్దట. నాకు ఒళ్ళు మండింది.

"వార్నిష్ లేకుండ నా చేతి సామాను బయటికి పోదు సారూ!"

"అయితే మీ చేతి సామాను నా ఛాతీలోకి కూడా పోదండీ. దాంట్లోది నేను పీల్చాలి!"

వార్నిష్ డబ్బాను బల్ల కిందికి నెట్టేశాను.

ఒక విల్లా మెట్లు చేయగా మిగిలిన వైట్ ఓక్ ముక్కలు తీశాను. పీపా గోడకు నిలబెట్టే సన్నబద్దను స్టేవ్ అంటారు. నడుము దగ్గర వెడల్పుగా, రెండు చివరలా సన్నగా చెక్కాలి. లోపలి వైపు నిప్పుల మీద దోరగా కాల్చాలి, దాన్ని టోస్టింగ్ అంటారు. అన్నిటినీ బిగించి పట్టే ఇనుప చుట్టు పేరు హూప్. బండి చక్రానికి ఎక్కించే ఇనుప పట్టాకు అది తమ్ముడే కాబట్టి అక్కడ నాకు ఇబ్బంది రాలేదు. అంతా బిగించి, మీసం దువ్వుకుని నీళ్ళు పోస్తే, నా తండ్రీ, జల్లెడలా కారింది!

ఎండాకాలంలో బండి చక్రం వదులైతే నాన్న దాన్ని నీళ్ళలో పడేసేవాడు. కర్ర ఉబ్బి తనంతట తానే బిగుసుకునేది. నేనూ పీపాను బకెట్‌లో ముంచి అజైబా సైటుకు పోయాను. మర్నాడు వచ్చి నీళ్ళు నింపి చూస్తే ఒక్క చుక్క కారలేదు. ఆ ఆనందంలో నేనక్కడ ఎగిరిన ఎగురుడు అప్పటి వర్క్‌షాపు వాళ్ళు ఇప్పటికీ చేసి చూపిస్తారు.

ఇచ్చేటప్పుడు ఒకటి చెప్పాను. "సారూ, దీన్ని ఎప్పుడు ఎండనియ్యద్దు. చాన్నాళ్ళు ఖాళీగ పెడ్తే కర్ర గుంజుకపోయి హూపులు జారిపడ్తయ్. ఏదో ఒకటి పోసే ఉంచాలె."

కొన్ని వారాలకు శామ్యూల్ పీపాను చంకలో పెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఏం చేశారండీ దీన్ని? నేను వేసింది వనిల్లా. దమ్ము లాగితే తలంటు పోసి సాంబ్రాణి పట్టినట్టుంది! మా అమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టుందండీ!"

మూత తీసి వాసన చూశాను. నిజమే! తలస్నానం చేసిన పసిబిడ్డ నెత్తి వాసన. నాకు దిమ్మ తిరిగింది. అప్పుడే మా అర్బాబ్, అంటే మా యజమాని సయీద్, లోపలికి వచ్చాడు. సంగతి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"హా! లుబాన్ మైనే దియా! పానీ బహుత్ అచ్ఛా హోగా!"

లుబాన్ పట్టించింది తనేనట, నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయట! లుబాన్ అంటే మన సాంబ్రాణికి దగ్గరి చుట్టం. వాళ్ళ ఇళ్ళల్లో కొత్త నీళ్ళకుండను లుబాన్ పొగ మీద బోర్లిస్తారు, తాగే నీళ్ళకు మంచి వాసన రావాలని. నేను సైటులో ఉన్న రోజు ఆయన బకెట్‌లో ఉన్న పీపాను చూశాడు. మంచినీళ్ళకే అనుకుని బయటికి తీసి, ప్రేమగా కడుపునిండా పొగ పట్టించి, మళ్ళీ నీళ్ళలో పెట్టాడు. మా వర్క్‌షాపులో లుబాన్ వాసన ఎప్పుడూ ఉండేదే కాబట్టి నా ముక్కు పట్టించుకోలేదు. అంత ప్రేమగా చేసిన పెద్దమనిషిని ఏమంటాం? శామ్యూల్ కూడా "షుక్రన్" అని అరబీలో థాంక్స్ చెప్పేసి తల పట్టుకున్నాడు.

"ఎల్లుండే సలోమి వస్తోందండీ. ఇల్లంతా ఇదే వాసన. సిగరెట్టు కంపు దాచడానికి వేశాననుకుంటుంది. నా పని అయిపోయింది."

ఇంకొకటి చేద్దామంటే అంత టైమూ లేదు, ఓక్ ముక్కలూ లేవు. పీపాతోనే వెళ్ళిపోయాడు. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నా పీపా చిచ్చు పెడుతుందేమోనని రెండు రోజులూ ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాను.

సలోమి వచ్చిన రోజు శామ్యూల్ ఫోన్ చేశాడు. "మేస్త్రి గారూ! తలుపు తీయగానే ముక్కు ఎగబీల్చిందండీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత నవ్వింది. ఇల్లు చంటిపిల్ల ఉన్న ఇల్లులా ఉందే అంది. పెట్టె దించేసిందండీ, దించేసింది!"

నేను అరిచిన అరుపుకు రంపం ఆడిస్తున్నవాడు ఆపేసి చూశాడు.

"అయితే ఇంకో పీపా చెయ్యాల్నా సారూ?"

"వద్దండీ, ఇదే చాలు. కానీ ఈ వాసనతో దమ్ము లాగాలంటే సిగ్గేస్తోంది. మా అమ్మ చూస్తున్నట్టే ఉంటోంది."

మరుసటి ఏడు ఇద్దరూ కలిసి వచ్చారు. సలోమికి నెలలు నిండుతున్నాయి. ఒక ప్లాస్టిక్ కవరు నా ముందు పెట్టి మొహమాటంగా అంది, "అన్నయ్యా, మీరంత కష్టపడి చేసింది ఇలా అయిపోయింది. ఏమనుకోకండి."

కవరులో నా పీపా ముక్కలు ముక్కలుగా ఉంది. స్టేవులు విడిగా, హూపులు విడిగా. ఒక బద్ద తీసి పట్టుకున్నాను. ఎండి బెండులా ఉంది. శామ్యూల్ వైపు చూశాను.

"ఎన్నాళ్ళాయె సారూ, దీంట్ల ఏం పొయ్యక?"

ఆయన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఆ వేప్ కూడా మానేశానండీ. చాలా నెలలైంది."

నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పాను, వర్క్‌షాపు కదా, నమ్మారు.

సలోమికి ఉయ్యాల తొట్టి కావాలట. "వార్నిష్ వద్దన్నయ్యా, బిడ్డ కొరుకుతుంది. మీ అర్బాబ్ గారి పొగ మాత్రం వేయించండి."

ఈసారి పని మొదలుపెట్టక ముందే వర్క్‌షాపులో అందరికీ చెప్పాను, అది ఎవరికో, ఎందుకో. చేసే వస్తువు దేనికి వాడతారో దాన్ని ముట్టుకునే ప్రతి మనిషికీ తెలియాలని ఆ పీపా నాకు నేర్పింది. తొట్టి పూర్తయిన రోజు సయీద్ ఇంటి నుంచి మేలురకం లుబాన్ తెచ్చి తనే పొగ వేశాడు.

చేసిన సామాను పది కాలాలు గట్టిగా ఉండాలని కోరుకునే పని నాది. ఊడిపోయి తిరిగొచ్చిందని నేను సంబరపడింది ఆ ఒక్క పీపా విషయంలోనే.