సీ డ్రైవ్‌లో ఏముందో చూపించు

నేను టెస్టర్‌ని. ఎవరైనా "అయిపోయింది" అంటే నమ్మకపోవడమే నా ఉద్యోగం. మా ఆయన డెవలపర్. "నా మెషీన్‌లో పనిచేస్తోందిగా" అనేసి హాయిగా నిద్రపోయే రకం. మా సంసారం ఇలాగే నడుస్తోంది.

ఆ శనివారం ఫ్రిస్కోలోని మా ఇంట్లో, పాత డెస్క్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తానని కూర్చున్నాడు. అందులో రెండు డిస్కులు. చిన్నదానిలో సిస్టమ్, అది సీ డ్రైవ్. పెద్దదానిలో మా సొంత సరుకంతా, అది డీ డ్రైవ్. హైదరాబాద్‌లో అసెంబుల్డ్ కంప్యూటర్లతో కుస్తీ పట్టిన మా బ్యాచ్ అంతా పాటించిన ఆచారమిది: సీ ఎప్పుడైనా పోవచ్చు, మనవి డీలో దాచుకోవాలి. మా అమ్మాయి చిన్నప్పటి వీడియోలు ఆ డీలో తప్ప ఇంకెక్కడా లేవు. క్లౌడ్‌ని కూడా నేను నమ్మను మరి. ఇప్పుడు వేరే రాష్ట్రంలో కాలేజీ చదువుతున్న ఆ పిల్ల మాతో ఇంగ్లిషే మాట్లాడుతుంది. అది గలగలా తెలుగు మాట్లాడింది ఆ వీడియోల్లోనే.

డిస్కులో తనకిచ్చిన పార్టిషన్‌లోకి ఎక్కనని ఇన్‌స్టాలర్ మధ్యలో మొరాయించింది. మా ఆయన ఏవో మీటలు నొక్కి నల్ల తెర తెరిచాడు. సీ డ్రైవ్‌ని పూర్తిగా చెరిపేసే కమాండ్ టైప్ చేశాడు. ఎంటర్ నొక్కడమే తరువాయి.

నాకెక్కడో తేడా కొట్టింది. పెన్‌డ్రైవ్ నుంచి లేచిన మెషీన్‌కి మా ఆచారాలు ఎవరు చెప్పారు?

"ఆగు. ముందు సీలో ఏముందో చూపించు."

"ఏముంటుంది? సీ అంటే సీయే కదా. నా మీద ఆ మాత్రం ట్రస్ట్ లేదా?"

"నీ మీద ఉంది. దాని మీదే లేదు. ఓపెన్ చేసి చూపించు."

విసుక్కుంటూ చూపించాడు. తెర మీద సిస్టమ్ ఫైళ్ళు రాలేదు. 'ఫస్ట్ బర్త్‌డే', 'జూ ట్రిప్', 'పాప మాటలు' అని వచ్చాయి. ఇన్‌స్టాలర్ తన ఇష్టమొచ్చినట్టు అక్షరాలు మార్చేసి, పెద్ద డిస్కుకి సీ అని పేరు పెట్టుకుంది. మా ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

డబ్బా విప్పి పెద్ద డిస్కు కేబుల్ నేనే పీకేశాను. ఇన్‌స్టాల్ అయ్యాకే మళ్ళీ తగిలించనిచ్చాను. "అన్నీ సేఫ్" అన్నాడు. వింటానా? ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఒకదాంట్లో మా పిల్ల గరాజ్ మెట్ల మీద కూర్చుని చెప్పులతో తంటాలు పడుతోంది. "నువ్వు పట్టుకోకమ్మా, నేనే తొడుక్కుంటా. నువ్వు అటు తిరిగి కూచో!"

సంతోషం పట్టలేక దానికి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని తెరకి ఎదురుగా పట్టుకున్నాను. పగలబడి నవ్వింది.

"ఓ మై గాడ్, సో క్యూట్! అమ్మా, వాట్ యామ్ ఐ సేయింగ్?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ పాప ఏమంటోందో దానికి ఇంగ్లిష్‌లో చెప్పాను.