మా ముగ్గురిదే తప్పు... ముక్కు మూసుకున్న వాళ్లది కాదు

మా చిన్నప్పుడు... హాజరు పిలిచేటప్పుడు టీచరమ్మ "భాగ్యలక్ష్మి" అనగానే వెనక బెంచీల నుంచి "కొక్ కొక్ కొక్" అని కూతలు వచ్చేవి. భాగ్యలక్ష్మిని నేనే.

శామీర్‌పేట దగ్గర ఒక కోళ్ల ఫారంలో మా నాయినకు పని. దాణా వేయడం, నీళ్లు పెట్టడం, పెంట ఎత్తడం... షెడ్ల పక్కనే మాకు ఒక అర్ర. వంట, పడక, నా చదువు, అన్నీ అందులోనే. ఉతికిన బట్టలు షెడ్డు ముందు తీగ మీద ఆరేవి. మరి వాసన రాకుండా ఎట్లా ఉంటుంది చెప్పండి? మాకు మాత్రం తెలిసేది కాదు. పుట్టినప్పటి నుంచీ పీల్చింది ఆ గాలే కదా.

నాలుగో తరగతిలో ఇది మొదలుపెట్టింది స్వప్న. వాళ్లకు మేడ్చల్‌లో బట్టల దుకాణం ఉండేది. నేను వస్తుంటే రెండు వేళ్లతో ముక్కు మూసుకుని "ఫారం పిల్ల వచ్చింది" అనేది. వారం తిరిగేసరికి క్లాసంతా అదే పని. టీచరమ్మ రిజిస్టరులోకి తల వంచేది. నవ్వు దాచుకోవడానికని నాకు అప్పుడే తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి... అదే టీచరమ్మకు ప్రతి శనివారం మా నాయిన పగుళ్లు పట్టిన గుడ్లు పంపేవాడు. ఆమే అడిగి తెప్పించుకునేది. గుడ్లకు మాత్రం ఏ వాసనా లేదు మరి!

ఒకరోజు నా బెంచీలో కూర్చోబోమని అందరూ మొండికేశారు. టీచరమ్మ వాళ్లను ఒక్క మాట అనలేదు. నన్నే లేపి, తలుపు పక్కన గోనెసంచి పరిచి కూర్చోబెట్టింది. మర్నాడు అమ్మను పిలిపించింది.

"పిల్లను జర సాఫ్‌గ పంపియ్యమ్మా... మిగతోళ్లకు పరేషాన్ అయితాంది."

అమ్మ తల ఊపింది. కొట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం అడిగింది. "నువ్వేం జేసినవే వాళ్లను? ఉత్తగనే అంటరా ఎవలన్న?"

ఆ ప్రశ్న తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దెబ్బ తిన్నవాళ్లనే అడుగుతారు ఏం చేశావని... కొట్టినవాళ్లను అడగాలని ఎవరికీ తోచదు!

మర్నాటి నుంచి నన్ను కడగడం మొదలైంది. కుంకుడుకాయలు, సున్నిపిండి, రెండు రకాల సబ్బులు, మెడ నిండా పౌడరు... కోళ్ల వాసనా పౌడరు వాసనా కలిసి ఇంకా అధ్వాన్నంగా తయారైంది. చివరికి ఒక ఆదివారం అమ్మ గంగాళంలో నీళ్లు కాచి, షెడ్లు కడిగే ఫినాయిలు అందులో ఒంపింది. షెడ్ల కంపే వదిలినప్పుడు పిల్లది వదలదా అనుకుంది, పిచ్చి తల్లి.

సాయంత్రానికి నా వీపంతా బొబ్బలు లేచాయి.

ఇక తప్పెవరిదన్న పంచాయతీ చూడాలి... "దిమాకున్నదా నీకు? పసిపోరి మీద ఫినాయిలు వోస్తవా?" అని నాయిన అమ్మ మీద అరిచాడు. దవాఖానలో నర్సమ్మ కూడా అమ్మనే తిట్టింది. పది రోజుల తర్వాత బడికి వెళితే, "గసొంటి తల్లి ఉంటదా యాడన్న?" అని టీచరమ్మ పక్క క్లాసు సారుతో అంటుంటే విన్నాను. నా వీపుకు మందు రాసినప్పుడల్లా అమ్మ తనను తానే తిట్టుకునేది. తప్పు మోపడానికి అమ్మ దొరికింది, నాయిన పని దొరికింది, నేను దొరికాను. ముక్కు మూసుకున్న వాళ్లు మాత్రం ఎవరికీ దొరకలేదు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక నా సంగతి... ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఐదో తరగతిలో యాదమ్మ అని కొత్త అమ్మాయి చేరింది. వాళ్ల నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. టీచరమ్మ ఆ అమ్మాయిని తెచ్చి నా గోనెసంచి మీద, నా పక్కనే కూర్చోబెట్టింది. యాదమ్మ నన్ను చూసి నవ్వింది. క్లాసంతా మా ఇద్దరినే చూస్తోంది.

నేను ముక్కు మూసుకున్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నన్ను చూసి కాదు... నాతో కలిసి. ఆ వారంలోనే స్వప్న నన్ను తన బెంచీకి పిలిచింది. ఎగిరి గంతేసి వెళ్లాను. దసరా సెలవుల తర్వాత యాదమ్మ బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొన్న మా బడి వాట్సాప్ గ్రూపులో స్వప్న రాసింది. "ఏమే ఫారం పిల్లా, యాదికున్నయా గా దినాలు? మస్తు మజా ఉండె!" పక్కన నవ్వే బొమ్మలు. నేను బొబ్బల సంగతి రాశాను. "చిన్నపిల్లలం గదనే... ఇంక మనసుల వెట్టుకున్నవా?" అంది. ఇంకో ఇద్దరు వచ్చి, పాత ముచ్చట్లు తవ్వి గ్రూపు పాడుచేయకు అన్నారు. చూశారా, మళ్లీ తప్పు నాదే!

మండిపోయి ఇంత పొడుగు జవాబు టైపు చేశాను. పంపబోతూ గ్రూపులో పేర్లు ఒకసారి చూశాను... యాదమ్మ లేదు. ఎట్లా ఉంటుంది? ఆమెను మా మధ్య ఉండనిస్తే కదా. రేపు ఎక్కడైనా ఎదురుపడి అడిగితే నేను ఏమంటాను? 'చిన్నపిల్లను గద' అనే కదా! జవాబు తుడిచేశాను.

ఇప్పుడు ఆ ఫారం లేదు. అక్కడ విల్లాలు లేచాయి, గాలి శుభ్రంగా ఉంది. మా అమ్మాయి బడిలో పిల్లలు ముక్కులు మూసుకోరట... ఒక అమ్మాయిని తీసేసి కొత్త గ్రూపు పెట్టుకుంటారట, అంతే.

చిన్నప్పుడు మనల్ని ఏడిపించిన వాళ్ల పేర్లు అందరికీ గుర్తుంటాయి. అవి వద్దు. మీరు ఏడిపించిన వాళ్ల పేరు ఒక్కటి కింద రాయండి... నేనే మొదలుపెడుతున్నాను.

యాదమ్మ. ఐదో తరగతి. ఆమె ఏమీ చేయలేదు.