అమావాస్యకు తగ్గే తలనొప్పి

మా బావ నాగలింగాచారి ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తాడు. చేతిలో పనితనం ఎంత ఉందో నోట్లో పెడసరం అంతే ఉంది. రెండింటినీ భరించేది మా అక్క సుధారాణి. ఆమె ఆయన పక్కనే కూర్చుని నల్లపూసలు గుచ్చుతుంది. ఇద్దరి పనీ ఇంటి ముందుగదిలోనే. ఆ గదికి ఒక తలుపు, ఒక కిటికీ ఉన్నాయన్న మాటే గాని, పని జరిగేటప్పుడు తెరిచి ఉండగా నేను చూడలేదు. గాలికి బంగారు రజను ఎగిరిపోతుందని బావ భయం. ఇక ఫ్యాను సంగతి చెప్పనక్కర్లేదు, అది తిరగడం మరిచిపోయి చాలా కాలమైంది.

అందరూ గ్యాసు మంటకు మారినా ఈ మహానుభావుడు మాత్రం బొగ్గుల కుంపటి వదలడు. దాని మీద అతికిన నగకు వచ్చే నునుపే వేరంటాడు. నునుపు నిజమే, కాదనను. కానీ మూసిన గదిలో రోజంతా బొగ్గులు కాలితే మనిషి ఏమవుతాడో ఆయన ఆలోచించలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, జమ్మలమడుగులో నర్సుగా పనిచేసే నేనూ ఆలోచించలేదు.

కార్తీకం వచ్చినప్పటి నుంచి అక్కకు తలనొప్పి. మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం. పక్కింటి లక్ష్మీకాంతమ్మ దిష్టి తీసింది. బావ అది పైత్యమని తీర్మానించి నిమ్మకాయ నీళ్లు తాగించాడు. ఆయనకు వైద్యం తెలుసు. ఆయనకు తెలియని విద్యే లేదు.

ఒకరోజు పొద్దున అక్క ఫోనులో బాధలన్నీ చెప్పి, చివర నవ్వుతూ ఒక మాట అంది.

"లోకమంతా అమాసకు తలకాయ నొప్పంటారు. నాకు ఆ పొద్దొక్కటే శానా హాయిగా ఉంటాది పాపా."

అమావాస్య నాడు మా విశ్వబ్రాహ్మణులు పని ముట్టరు. అంటే ఆ రోజు కుంపటి వెలగదు. పొగ రాకపోయినా బొగ్గులు ఒక విషవాయువును వదులుతాయి. అది కంటికి కనబడదు, వాసన ఉండదు. గాలి ఆడని చోట రక్తంలో చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పుడో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

కిటికీ తెరవమంటే, ముసురు పట్టింది, మీ బావ ఒప్పుకోడంది అక్క. ఫోను ఆయనకిమ్మన్నాను. తన తాత ఈ కుంపటి దగ్గరే కూర్చుని తొంభై ఏండ్లు బతికాడని బావ గొప్పలు పోయాడు. ఆ తాత కూర్చున్నది గాలి దూరే బోదగడ్డి కొట్టంలో, ఈయన కూర్చునేది సిమెంటు పెట్టెలో. ఆ మాట నా నోట్లో ఉండగానే ఫోను పెట్టేశాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా! డ్యూటీకి సెలవు చెప్పి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి తలుపు మూసే ఉంది. బావ తీశాడు. లోపల అక్క గోడకు ఒరిగిపోయి ఉంది, పూసలన్నీ ఒడిలో చెదిరిపోయాయి. నిద్రపోతోంది, లేపొద్దన్నాడు. గడప దగ్గరి నుంచే రెండుసార్లు గట్టిగా పిలిచాను. పలకలేదు.

"బావా, అది నిద్ర కాదప్పా. ముందు అక్కను బయటికి తీసకరా."

ఎప్పుడూ నాతో వాదించే మనిషి ఈసారి చప్పున లోపలికి వెళ్లాడు. ఎవరి పెళ్లికో చేస్తున్న తాళిబొట్టు కాలికి తగిలి ఎటో పోయినా చూడలేదు. అక్కను ఎత్తుకుని అరుగు మీదికి తెచ్చాడు. నేను తలుపు బార్లా తెరిచి, అంబులెన్సుకు ఫోను చేసి, మూసిన గదిలో బొగ్గులు కాలాయని మొదటే చెప్పాను.

అంబులెన్సులో అక్క వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే తొంభై ఎనిమిది చూపించింది. బావ మొహం వెలిగిపోయింది. ఆ విషం ఒంట్లో ఉన్నప్పుడు ఆ అంకెను నమ్మకూడదని, క్లిప్పుకు మంచి గాలికీ దానికీ తేడా తెలియదని చెప్పాను. అక్కకు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇక దారి పొడుగునా బావను కడిగిపెట్టాను. రజను మీదున్న ప్రేమ పెళ్లాం మీద లేదన్నాను. ఆయన కమ్మీ పట్టుకుని తల వంచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుని ఇంకో నాలుగు వడ్డించాను.

ఆసుపత్రిలో కాసేపటికి అక్క కళ్లు తెరిచింది. ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగాడు. ఎవరూ లేరు సార్, నా భార్య ఒక్కతే అన్నాడు బావ. అబద్ధం చెప్పాలని కాదు. తననూ ఒక మనిషిగా లెక్కవేసుకోవడం మరిచిపోయాడు.

అక్క మాస్కు పక్కకు జరిపింది.

"ఈయప్ప గూడా ఉండాడు సార్. నాకంటే ముందే కుంపటి కాడ కూసున్యాడు."

అప్పుడు చూశాను బావ మొహం. పాలిపోయి ఉంది. నిలబడలేక మంచం పట్టుకుని ఊగుతున్నాడు. అంబులెన్సులో తల వంచుకున్నది సిగ్గుతో కాదు. పక్కనే కూర్చున్న మనిషిని నర్సునై ఉండి నేను తిట్టానే గాని చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన్ను పక్క మంచం మీద పడుకోబెట్టి మాస్కు పెట్టారు. సాయంత్రానికి ఇద్దరికీ గండం గడిచిందన్నారు. అప్పటిదాకా బావ చేయి నేను వదల్లేదు.