మావిస్ ఇంటి జాకీ

మార్చి మూడోవారానికి ఎడారిలో జనం పలచబడతారు. చలికాలమంతా అరిజోనాలోని మా గులకరాళ్ల మైదానం మీద, ట్రక్కు వెనక కట్టి లాగే చక్రాల ఇళ్లు, వందల ట్రైలర్లు ఉంటాయి. ఎండ ముదరగానే ఒక్కొక్కటే ఉత్తరానికి దారి పడతాయి. చివరికి మిగిలేది ఎటూ పోలేనివాళ్లు. ఆ ఏడు మిగిలింది నలుగురం: పాత వ్యానుతో నేను, ఒక స్కూలు బస్సులో కాపురముంటూ ఎవరితోనూ మాట్లాడని అన్నదమ్ములిద్దరు, మావిస్ గ్రూబర్.

మావిస్‌కి అప్పటికి అరవై ఆరు. కాన్సస్‌లో ఒక బడి వంటగదిలో ఇరవై రెండేళ్లు వండింది. మొగుడు ఫ్లాయిడ్ బతికే ఉన్నాడు, ఆమే వదిలేసి వచ్చింది. ఎందుకు వదిలేశావని అడిగాను ఒకసారి. ఆమె పిండి కలుపుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"ఇరవయ్యారేళ్లు నాకు వివరించాడయ్యా ప్రొఫెసరూ. గుడ్డు ఎట్లా ఉడకబెట్టాలో కూడా వివరించాడు. నేనేమో రోజుకి నాలుగొందల మంది పిల్లలకి వండేదాన్ని."

నేను ప్రొఫెసర్ని కాను. వ్యానులో పుస్తకాలు ఎక్కువగా ఉన్నాయని ఆమె పెట్టిన పేరది. దాంట్లో గౌరవం పాలు తక్కువే.

వదిలేసి వచ్చినప్పుడు చేతికందిన డబ్బంతా పెట్టి పంతొమ్మిది అడుగుల ట్రైలర్ కొనుక్కుంది. ఒక మంచం, ఒక పొయ్యి, నిలబడి స్నానం చేసే చోటు. ఆకురాలు కాలంలో ఉత్తరాన చక్కెర దుంపల కోతలకు పోయేది. వేసవిలో మోంటానా కొండల్లో యాత్రికుల మరుగుదొడ్లు కడిగేది. చలికి ఎడారి చేరేది. ఏడేళ్లు అలా తిరిగింది. వెనకటికి మంగోలులు గుడారం విప్పకుండానే బండి మీదికెత్తి, ఇరవై రెండు ఎద్దులను కట్టి లాగించేవారని ఒక పాత యాత్రికుడు రాసిపెట్టాడు. బండి ఇరుసు ఓడ స్తంభమంత లావుండేదట. అది చదివి వినిపిస్తే మావిస్ ఒక్కటే అడిగింది, ఎద్దుల మేతకు అయ్యే ఖర్చు ఎవరిదని. తన ఎద్దు ఒక పాత ట్రక్కు. ఆ ఫిబ్రవరిలో దాని గేర్‌బాక్స్ విరిగింది. బాగుచేయించడానికి అడిగిన డబ్బుకు ఇంకో ట్రక్కే వస్తుందని దాన్ని తుక్కు కింద అమ్మేసింది. అప్పటినుంచి ఆమె ఇల్లు కదలలేని ఇల్లు.

కదలకపోతే కుదరని చోటది. ప్రభుత్వ భూమిలో ఒకేచోట పద్నాలుగు రోజులకు మించి ఉండనివ్వరు; కదలగలిగిన మేము గడువుకల్లా చోటు మార్చుకుంటాం. రెండు నోటీసులు అయిపోయాయి. మూడోదాని మీద గడువు రాశారు: గురువారం ఉదయం పది. దాటితే కాంట్రాక్టరు వచ్చి ట్రైలర్‌ని తన యార్డుకు ఈడ్చుకుపోతాడు. అక్కడ రోజుకింత అని అద్దె ఎక్కుతుంది. ఆ యార్డులోకి పోయిన ఇల్లు తిరిగి రావడం నేను ఎరగను.

అయితే మావిస్‌కి ఒక దారి దొరికింది. దుంపల కోతల్లో పరిచయమైన ఒకామెకు ముప్ఫై మైళ్ల అవతల సొంత స్థలముంది. ఎన్నాళ్లయినా ఉండు, కుళాయి కూడా వాడుకో అంది. నా పాత వ్యానుకు లాగే సత్తువ లేదు; ఊళ్లో గ్యాసు నింపే దుకాణంలో పనిచేసే వెండెల్ ప్రైస్ తన ట్రక్కుతో లాగిపెడతానన్నాడు. మంచివాడు. కాకపోతే గురువారం పొద్దున్న ఏడింటికి వచ్చినా తొమ్మిదిన్నరకల్లా దుకాణం తెరవాలి.

బుధవారం సాయంత్రం గాలి లేచింది. ఎడారి గాలికి ట్రైలర్లు పడవల్లా ఊగుతాయి. గాలికి దొర్లిపోయిన నా కుర్చీ తెచ్చుకుంటూ నేను మావిస్ ట్రైలర్ ముందునుంచి నడిచాను. అప్పుడు చూశాను, ట్రక్కుకు తగిలించే దాని ముక్కు దగ్గర ఇనుప తీగ చివర చిన్న పిన్ను వేలాడుతోంది.

ఆ పిన్ను సంగతి చెప్పాలి. దారిలో పోతుండగా ట్రైలర్ పొరపాటున ట్రక్కు నుంచి ఊడిపోతే, తీగ లాక్కుని పిన్ను బయటికొస్తుంది. రాగానే ట్రైలర్ బ్యాటరీ నుంచి కరెంటు పారి దాని బ్రేకులు బిగుసుకుంటాయి. ప్రాణాలు కాపాడే పిన్ను అది. అయితే కొంతమంది నిలిపి ఉంచిన ట్రైలర్ ఊగకుండా ఉండాలని దాన్ని చేత్తో లాగి వదిలేస్తారు. చక్రాలు బిగుస్తాయి, నిజమే. కాని బ్రేకులు బిగిసి ఉన్నంతసేపూ బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. తెల్లారేలోపే బ్యాటరీ చచ్చిపోతుంది, అది చావగానే బ్రేకులూ వదిలేస్తాయి. గాలికి మావిస్ చేసిందీ అదే; పైగా చక్రాల కింద చెక్క గాని రాయి గాని అడ్డు పెట్టలేదు. అదీ చూశాను.

చూసి ఏమీ అనలేదు. మాలో ఒక కట్టుబాటుంది: ఒకరు ట్రైలర్ తగిలించుకునే కొక్కెం జోలికి ఇంకొకరు పోకూడదు. ఊరికే పుట్టలేదది. గొలుసులు తగిలిస్తున్నవాణ్ణి ఎవడో పలకరిస్తాడు, వాడు మాటల్లో పడి ఒక గొలుసు మరిచిపోతాడు, నలభై మైళ్ల అవతల ట్రైలర్ ఊడి ఎదుటివాళ్ల మీదికి పోతుంది. అందుకే ఎవడి కొక్కేనికి వాడే బాధ్యుడు. పైగా ఆమె మావిస్. ఆ నెల మొదట్లో బస్సు అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆమె నీళ్ల గొట్టం సరిచేయబోతే అట్లకాడతో బయటికి తరిమింది. అట్లకాడకు భయపడ్డానో, కట్టుబాటుకు తలొగ్గానో, రెండు అడుగులు వెనక్కి వేయడానికి బద్ధకించానో ఇప్పుడు తేల్చి చెప్పలేను.

పొద్దున్న వెండెల్ సరిగ్గా ఏడింటికి వచ్చాడు. మావిస్ అతనికి కాఫీ ఇచ్చి, ముక్కు మీద నిలువుగా ఉన్న జాకీ దగ్గరికి వెళ్లి మీట నొక్కింది. ట్రైలర్ ముక్కును లేపేదీ దించేదీ ఆ జాకీయే. ముక్కును పైకి లేపితే గాని దాని కిందనున్న ఇనుప దొప్ప ట్రక్కు వెనకాలున్న ఇనుప గుండు మీదికి రాదు. మీట నొక్కితే జాకీ ఉలకలేదు. మళ్లీ నొక్కింది. లోపలికి వెళ్లి దీపం వేసి చూసింది, వెలగలేదు. బ్యాటరీ పొదుపని రాత్రుళ్లు కొవ్వొత్తి వెలిగించుకునే మనిషి, అందుకే ముందురోజు రాత్రి ఆమెకు తెలియలేదు.

వెండెల్ తన ట్రక్కు తీగను ట్రైలర్‌కి తగిలించి చూశాడు. వెనక దీపాలు వెలిగాయి గాని ఆ ట్రక్కులో బ్యాటరీకి కరెంటు పంపే తీగే లేదు. రెండు బ్యాటరీలనీ కలిపే కేబుళ్లు దుకాణంలో ఉన్నాయన్నాడు, పోయి తెచ్చేసరికి గంట దాటుతుంది. నా దగ్గర అసలు లేవు. దొప్పకీ గుండుకీ మధ్య జానెడు ఎత్తు తేడా.

"చేత్తో తిప్పొచ్చమ్మా," అన్నాడు వెండెల్. "జాకీ తల మీద రబ్బరు మూత ఉంటది, దాని కింద బొక్క. హ్యాండిల్ ఉందా?"

ఉంది. ఏడేళ్లుగా పొయ్యి పైన కిటికీకి ఊతంగా పెట్టుకున్న ఇనుప కడ్డీ అదే. అదెందుకో ఆమెకు తెలియదు, ఎవరినీ అడగలేదు. రబ్బరు మూత ఎండకు రాయిలా గట్టిపడింది. నేను కూరలు తరిగే కత్తితో పెళ్లగించాను. హ్యాండిల్ బొక్కలో కూర్చుంది.

తిప్పడం మొదలుపెట్టాం. చేత్తో తిప్పితే అది ఎంత నెమ్మదిగా లేస్తుందో తిప్పినవాడికే తెలుస్తుంది. ఇరవై చుట్లకు చిటికెన వేలి మందం. బొగ్గు గనుల్లో గుర్రాలు రోజంతా గుండ్రంగా తిరిగి నీళ్లు తోడేవని ఎక్కడో చదివాను, అవి గుడ్డివైనా పని ఆగేది కాదట. ముందు మావిస్, తర్వాత నేను, తర్వాత వెండెల్, మళ్లీ మావిస్. ఆమె పళ్లు బిగించి తిప్పుతుంటే వద్దనే ధైర్యం మాకు లేదు. మధ్యలో ఒక్కసారి ఆగి నా వంక చూసింది.

"వివరించవేం ప్రొఫెసరూ, జాకీల చరిత్ర?"

ముగ్గురం నవ్వాం. ఎనిమిదింపావుకు దొప్ప గుండు కంటే వేలెడు పైకొచ్చింది. వెండెల్ ట్రక్కెక్కాడు. మావిస్ పక్కన నిలబడి అరచేత్తో సైగలు చేస్తోంది: ఎడమకు, ఇంకొంచెం, నెమ్మదిగా. ఆ సైగలు ఆమెకు బాగా వచ్చు. ట్రక్కు వెనక్కి వచ్చింది. దొప్ప గుండు పైన కాస్త పక్కకు పడింది. వెండెల్ సరిచేయబోయి ఒక వెంట్రుకవాసి ఎక్కువగా వెనక్కి వచ్చాడు. గుండు కింద ఉండే ఇనుప బద్ద ట్రైలర్ ముక్కును చిన్నగా తాకింది.

అడ్డు పెట్టిన ట్రైలర్‌కి అదొక లెక్క కాదు. దీనికి అడ్డు లేదు. నేల వెనకవైపు వాగులోకి వాలుగా ఉంది. బ్రేకులు రాత్రే చచ్చిపోయాయి. ఇల్లు మెల్లగా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, ఒక అడుగు వెనక్కి జరిగింది. జాకీ పాదం చెక్క దిమ్మె మీదనుంచి జారింది. ఇనుప కాలు మోకాలి దగ్గర విరిగినట్టు మడత పడి, ముక్కు రాతి మీద పడింది. లోపల గిన్నెలు ఒక్కసారిగా కింద పడ్డ చప్పుడు.

వెండెల్ పరుగున దిగాడు. గుండు ఎత్తుకు అందని నా వ్యాను పొట్టి జాకీతోనే ముక్కును కాస్త లేపి చూశాం. దొప్ప పెదవి లోపలికి నొక్కుకుపోయింది. గుండు దాంట్లో కూర్చోదు. సుత్తితో కొట్టాడు, గడ్డపారతో వంచబోయాడు. పోత ఇనుము బీట వారింది. దీన్ని కోసి కొత్తది అతికించాలి అన్నాడు. అతను తొమ్మిదింటి దాకా ఉన్నాడు, ఇంక ఉండలేడు. పోయేముందు టోపీ తీసి మావిస్ ఎదురుగా నిలబడ్డాడు.

"నాదే తప్పమ్మా. అంత వెనక్కి రాకుండా ఉండాల్సింది."

"నువ్వు పొయ్యి దుకాణం తెరువు, నాయనా," అంది మావిస్.

ట్రక్కు దుమ్ములో కలిసిపోయాక ఆమె ముక్కు దగ్గర కూలబడింది. వేలాడుతున్న పిన్నును చేతిలోకి తీసుకుని దాని స్థానంలో గుచ్చింది. ఇప్పుడు గుచ్చి ఏం లాభం? అప్పుడు నాకు నోరు మూసుకుని ఉండటం చేతకాలేదు. నిన్న సాయంత్రమే చూశానని, చక్రాలకు రాళ్లు పెట్టమని చెప్పబోయి చెప్పలేదని అన్నాను.

"తెలుసా నీకు?" అంది, గొంతు పెంచకుండా. "పిన్ను లాగితే బ్యాటరీ పోద్దని తెలుసా?"

"తెలుసు."

"నిన్ననే తెలుసా?"

"తెలుసు, మావిస్."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆమె తల మాత్రం ఊపింది, వంటగదిలో పాలు విరిగాయని ఎవరో కబురు చెప్పినట్టు.

"చెప్తే నేను వినేదాన్నా," అంది. అది నన్ను క్షమించడానికి అన్న మాట కాదు. తననే అడుగుతోంది, జవాబు ఆమెకే తెలియదు.

పదింటికి ఆ భూమికి కాపలా చూసే ప్రభుత్వ ఉద్యోగి, రేంజర్, వచ్చాడు. ముప్ఫై ఏళ్లుండవు, చేతిలో కాగితాల పలక. జరిగింది చెప్పాను. విన్నాడు, దొప్ప చూశాడు, జాలిపడ్డాడు కూడా. అతికించుకోవడానికి రెండు రోజులు ఇవ్వమని అడిగాను. గడువు తన చేతిలో లేదని, ఇది మూడో నోటీసని అన్నాడు. పదిన్నరకు కాంట్రాక్టరు మనిషి వెడల్పాటి లారీతో వచ్చాడు. అతను నాలుగు చక్రాలకూ ముందు అడ్డుచెక్కలు పెట్టుకున్నాడు, తర్వాతే తక్కిన పని. పావుగంటలో ఇల్లు లారీ మీదికెక్కింది. ఎక్కించేముందు మావిస్‌ని లోపలికి పోయి కావలసినవి తెచ్చుకోమన్నారు. ఆమె వెళ్లి ఒక కోటు, మందుల డబ్బా, అట్లకాడ తెచ్చుకుంది. పొయ్యి తెచ్చుకోమన్నాను. ఎక్కడ పెట్టుకోను అంది.

రేంజర్ కాగితం నింపుతున్నాడు. పేరు, నంబరు ప్లేటు, పొడవు. ఒక గడి దగ్గర ఆగాడు.

"చిరునామా చెప్పండమ్మా. ట్రైలర్ విడిపించుకునే కాగితాలు ఎక్కడికి పంపాలో."

మావిస్ చెయ్యెత్తి లారీ వైపు చూపించింది. లారీ అప్పటికే కదిలింది.

"దానికే పంపు. నేనుండేది అక్కడే."

అతను నవ్వాలో వద్దో తెలియక నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. లారీ రోడ్డెక్కేదాకా కలం ఎత్తి పట్టుకునే ఉన్నాడు. తర్వాత ఆ గడి ఖాళీగానే వదిలేసి, కింది కాగితం చింపి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో పట్టుకుని నిలబడింది. నా వ్యానులో కూర్చోమని పిలిచాను, ఎండ మండిపోతోందన్నాను. రాలేదు. మధ్యాహ్నం దాటేవరకు ఇల్లు ఉన్న చోటనే, తలుపు ఉండాల్సిన వైపుకు మొహం పెట్టి నిలబడింది.