మడిచీర మీద గోమారి

మా అత్తగారితో పడిన పేచీల్లో నేను గెలిచింది ఒక్కటే. అది కుక్క ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్ల గురించి. ఒక్కటే కాబట్టి దాన్ని కాస్త గొప్పగానే చెప్పుకుంటాను.

అమలాపురానికి దగ్గర్లో మా ఊరు. అత్తగారిది వేదం చెప్పుకున్న కుటుంబం, ఈ రోజుకీ ఆవిడ మడి మడే. స్నానాల గదిలో గీజరు ఉన్నా ఆ నీళ్ళు ఆవిడకి పనికిరావు. పెరట్లో రాగి బాయిలరు ఉండాలి, దాని కింద కొబ్బరి డొక్కలు మండాలి. ఆ డొక్కల గుట్ట గోడకి ఆనుకుని నా ఎత్తున ఉండేది. వానలో తడుస్తూ వచ్చిన కుక్కపిల్లని నేను ఉంచేసుకున్నప్పుడు, అది గడప దాటి లోపలికి రాకూడదని ఆవిడ షరతు పెట్టారు. కుక్కా తక్కువది కాదు. బాయిలరు వెచ్చదనం చూసుకుని గుట్ట పక్కనే పడక వేసుకుంది.

రెండేళ్ళ తర్వాత ఒక కార్తీకమాసంలో, దండెం మీద ఆరేసిన మడిచీర అంచున ఒక గోమారి పాకుతూ కనిపించింది. ఆవిడ కేకలు పెట్టలేదు. నన్ను పిలిచి వేలితో చూపించారు.

"అమ్మాయ్, పౌర్ణమి దాకా చూస్తాను. అప్పటికీ ఆ కుక్క ఒంటి మీద ఒక్కటి కనిపించినా, దాన్ని రొయ్యల చెరువు ఆయనకి ఇచ్చేస్తాను."

ఊరి చివర రొయ్యల చెరువులున్న ఆసామి కాపలాకి కుక్క కావాలని అంతకుముందే అడిగి ఉన్నారు. అక్కడ కుక్కల బతుకు నేను చూసినదే. గట్టు మీద రాట, మెడకి గొలుసు, నెత్తిన ఎండ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది ఈ ఇల్లు దాటి వెళ్ళదని మనసులో గట్టిగా అనేసుకున్నాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి మెట్ల మీద కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకునేదాన్ని. గోమార్లని ముందు వేళ్ళతో వెతకాలి, తర్వాత కళ్ళతో. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో మినపగింజల్లా తగులుతాయి. కనుబొమలకి వాడే ప్లక్కరుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేదాన్ని. తీసినవి చంపుదామంటే కార్తీకంలో జీవహింస ఏమిటని అత్తగారు అడ్డం పడ్డారు. కొబ్బరిచిప్పలో వేసి ఇస్తే తానే దూరంగా వదిలేస్తానన్నారు. వాదించే ఓపిక లేక సరే అన్నాను.

ఎన్ని తీసినా మర్నాటికి మళ్ళీ అన్నీ ఉండేవి. ఇంతలో కుక్క పెరుగన్నం కూడా ముట్టడం మానేసింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఆటోలో వేసుకుని అమలాపురంలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ రక్తం పరీక్ష చేసి, గోమార్ల వల్ల వచ్చిన జ్వరమే, సమయానికి తెచ్చారని చెప్పి మాత్రలు రాసింది. బరువు చూసి మెడ వెనక మందు వేసింది. కుక్క మీద కనిపించేవి కొన్నేనని, మిగతావి అది పడుకునే చోట గోడ పగుళ్ళలో ఉంటాయని, రక్తం తాగి ఉబ్బినవి అక్కడే గుడ్లు పెడతాయని వివరించింది. చివర్న ఒక మాట అడిగింది.

"తీసినవి ఏం చేస్తున్నారండీ?"

మా అత్తగారు దూరంగా వదిలేస్తున్నారన్నాను. మర్నాడు చిప్ప అత్తగారికిచ్చి వంటింటి కిటికీలోంచి చూశాను. మడి కట్టుకున్న మనిషి వీధిలోకి ఎలా వెళ్తుంది? ఆవిడకి దూరం అంటే పెరటి ఆ చివర. చిప్పని చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని నడిచి, ఎంతో దయగా, డొక్కల గుట్ట వెనక వంపేశారు.

నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. వెళ్ళి గుట్టలోంచి నాలుగు డొక్కలు లాగి గోడ చూపించాను. పగుళ్ళ నిండా ఆవాలు చల్లినట్టు పిల్లగోమార్లు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. మొత్తం తగలబెట్టాలండీ అన్నాను. కార్తీకంలో జీవహింస సంగతి గుర్తుచేస్తారని నడుం బిగించి నిలబడ్డాను కూడా.

"దీని రక్తం పోసి వాటిని పెంచేనన్నమాట," అన్నారు ఆవిడ. "ఇదీ ప్రాణేగా. కాల్చెయ్."

తోటలో ఖాళీ చోట గుట్టంతా కాల్పించాను. పగుళ్ళు సిమెంటుతో పూడ్పించి, గోడకి సున్నం కొట్టించాను. పాత గోనెలు పారేసి కుక్కకి నవారు మంచం వేశాను. మందు పనిచేసింది. అది మళ్ళీ గిన్నె నాకి గిన్నెనే తోసుకుంటూ పెరడంతా తిరుగుతుంటే నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉండేది.

పౌర్ణమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే, గడువు సంగతి విన్న చెరువు ఆసామి గొలుసుతో సహా దిగారు. ఎక్కడైనా ఒక్కటి మిగిలిపోయిందేమోనని మరోసారి చెవులు తడిమి, కుక్కని ముందుకి తెచ్చాను. అత్తగారు అప్పుడే స్నానం చేసి మడితో ఉన్నారు. పీట వేసుకుని దాని ముందు కూర్చున్నారు. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎరగని పని చేశారు. చెవి తిప్పి చూశారు. పట్టీ కింద వేలు పోనిచ్చారు. చంకలు, కాలివేళ్ళ సందులు, తోక, నేను వెతికే వరసలోనే అన్నీ తడిమారు. మధ్యాహ్నాలు కునుకు తీస్తున్నారనుకున్న మనిషి, ఇన్నాళ్ళూ నన్నే చూస్తున్నారు.

"ఒక్కటీ లేదండీ," అన్నారు ఆసామితో.

"ఆయ్. పోనీ ఓ వారం పోయేక వచ్చి కనుక్కుంటానండి."

"రాకండి. ఇది మా ఇంటిది."

ఆయన గొలుసు చుట్టుకుని వెళ్ళిపోయారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, పెద్దావిడ ముందు బాగుండదని ఊరుకున్నాను. ఆవిడ చేతులు చూసుకుంటూ లేచారు. మడి పోయింది, మళ్ళీ స్నానం చేయాలి. బాయిలరులో నీళ్ళు అయిపోయాయి, పక్కింటి నుంచి తెచ్చిన డొక్కలు కూడా పొద్దుటి స్నానానికే సరిపోయాయి. నేను వెళ్ళి గీజరు స్విచ్చి వేశాను. ఆవిడ స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆవిడ తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి కుక్క గడప లోపల, చల్లటి గచ్చు మీద కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది. అత్తగారు చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని, దాన్ని లేపకుండా పక్కనుంచి వెళ్ళారు.